మూడో రంధ్రం

చార్జింగ్ పెట్టిన లోహపు ల్యాప్‌టాప్ మూత మీద వేలి వెనకభాగాన్ని నొక్కకుండా తేలిగ్గా జరిపి చూడండి. నున్నగా ఉండాల్సిన అల్యూమినియం గరుగ్గా తగులుతుంది, సన్నగా వణుకుతున్నట్టు ఉంటుంది. వేలు కదపడం ఆపితే వణుకు పోతుంది. ప్లగ్గు పీకినా పోతుంది. కొందరికి ఇంతటితో సరి. నేల మీద ఒట్టికాళ్ళు ఆన్చి పనిచేసేవాళ్ళకు మాత్రం మణికట్టు లోపలివైపు ల్యాప్‌టాప్ అంచుకు ఆనినచోట చురుక్కుమంటుంది. కాళ్ళు మంచం మీదికి ముడుచుకుంటే ఆ చురుకు ఆగిపోతుంది.

దీని గురించి అడిగితే వినిపించే జవాబులు రెండు. "అది మామూలే, ఏం కాదు" అనేది ఒకటి. "మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదు" అనేది రెండోది. రెండూ నిజమే. అయితే వాటి మధ్య సంబంధాన్ని ఎవరూ విడమరిచి చెప్పరు. మొదటి జవాబు విన్నవాళ్ళు నిశ్చింతగా ఉండిపోతారు. రెండోది విన్నవాళ్ళు కంపెనీ తప్పించుకుంటోందని అనుకుంటారు. మంచి అడాప్టర్ నుంచి వచ్చే ఆ కాస్త కరెంటు ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఏమీ చెయ్యదు. అది బయటపెడుతున్న లోపం మాత్రం అదే ఇంట్లో మరో వస్తువు దగ్గర ప్రాణం తీయగలదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే ముందు అడాప్టర్ లోపలికి వెళ్ళాలి.

గోడ సాకెట్‌లో ఉండేది సెకనుకు 50 ఆవృత్తాలు తిరిగే 230 వోల్టుల ఏసీ కరెంటు. ల్యాప్‌టాప్‌కు కావలసింది ఏ 19, 20 వోల్టులో, అదీ డీసీ. ఒకప్పుడు ఈ పనికి ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. టేప్‌రికార్డర్ల కాలంలో బ్యాటరీ ఎలిమినేటర్లు వాడినవాళ్ళకు ఆ బరువు గుర్తుండే ఉంటుంది. కరెంటు ఎంత వేగంగా దిశ మార్చుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ అంత చిన్నదైనా సరిపోతుంది. అందుకని ఇప్పటి అడాప్టర్ చుట్టుదారి పడుతుంది. వచ్చిన ఏసీని ముందు సుమారు 325 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఆ డీసీని ఒక ట్రాన్సిస్టర్ సాయంతో సెకనుకు వేల సార్లు తెంపుతూ కలుపుతూ, రెండు మూడు సెంటీమీటర్ల చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతుంది. అవతలి చుట్టలో పుట్టిన తక్కువ వోల్టేజీని మళ్ళీ డీసీగా సరిచేసి ల్యాప్‌టాప్‌కి ఇస్తుంది.

ఇందులో మన ప్రాణాలు కాపాడేది ఆ ట్రాన్స్‌ఫార్మరే. 325 వోల్టుల వైపు చుట్టకూ 20 వోల్టుల వైపు చుట్టకూ మధ్య తీగతో కలిపిన సంబంధం ఏదీ ఉండదు. శక్తి అయస్కాంత క్షేత్రంగా మారి దాటుతుంది. అవతల వోల్టేజీ ఎంత ఉందో ఇవతలికి తెలియాలన్నా తీగ వెయ్యరు. ఒక చిన్న చిప్పులో ఒకవైపు ఎల్ఈడీ వెలుగుతుంది, దాని ఎదుట ఉన్న కాంతి గ్రాహకం ఆ వెలుగును చదువుతుంది. సర్క్యూట్ బోర్డు మీద ఈ రెండు భాగాల మధ్య కొన్ని మిల్లీమీటర్ల పొలిమేర గీసి, దానిలోకి ఏ రాగి గీతా రాకుండా చూస్తారు.

ఇంత జాగ్రత్తగా కట్టిన ఎల్లను దాటుతూ ఒకే ఒక్క భాగాన్ని ఇంజనీర్లు కావాలనే పెడతారు. అది సాధారణంగా నీలిరంగులో ఉండే ఒక చిన్న సెరామిక్ బిళ్ళ. పేరు వై కెపాసిటర్. ఫ్యాన్ తిరగకపోతే మనం మార్పించే కండెన్సర్ కూడా ఈ జాతిదే. కాకపోతే దీని సామర్థ్యం దానిలో సుమారు వెయ్యో వంతే. చాలా అడాప్టర్లలో ఒకటి నుంచి నాలుగైదు నానోఫారడ్ల మధ్య ఉంటుంది.

ఎందుకు పెడతారు? ట్రాన్స్‌ఫార్మర్‌లోని రెండు చుట్టలూ ఒకదాని మీద ఒకటి, మధ్యలో పలుచని టేపుతో, ఒదిగి ఉంటాయి. ఎదురెదురుగా ఉన్న రెండు లోహాల మధ్య కొంత కెపాసిటీ తప్పదు. ట్రాన్సిస్టర్ వందల వోల్టులను రెప్పపాటులో వెయ్యో వంతు కన్నా తక్కువ కాలంలో ఎగదోసి దిగదోస్తుంటే, ఆ కుదుపుల్లో కొంత అవతలికి కారుతుంది. అలా కారిన అలజడికి తిరిగి వెళ్ళే దగ్గరి దారి లేకపోతే, అది ల్యాప్‌టాప్ తీగ వెంబడి పోయి, ఆ తీగనే యాంటెన్నాగా చేసుకుని రేడియో తరంగాలుగా బయటపడుతుంది. మీడియం వేవ్ రేడియో ఉన్నవాళ్ళు విజయవాడ 837 కిలోహెర్ట్జ్ పెట్టి, ఒక నాసిరకం చార్జర్‌ను దగ్గరకు తెచ్చి చూస్తే ఇది చెవులారా వినవచ్చు. వై కెపాసిటర్ ఆ అలజడిని ఎక్కడ పుట్టిందో అక్కడికే దగ్గరి దారిలో తిప్పి పంపేస్తుంది. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన చిన్న విశేషం ఒకటి ఇక్కడే ఉంది. చాలా అడాప్టర్లు 65 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. తీగల వెంట వెళ్ళే అలజడికి నియమాలు 150 కిలోహెర్ట్జ్ నుంచి మొదలవుతాయి. 65కు రెట్టింపు 130. అంటే అసలు స్వరమూ దాని తొలి ప్రతిధ్వనీ రెండూ నియమాల గీతకు కిందే ఉండిపోతాయి.

కెపాసిటర్‌కు ఎంత వేగమైన కరెంటు అయితే అంత సులువైన దారి. 65 కిలోహెర్ట్జ్ అలజడికి తలుపు బార్లా తెరిచే బిళ్ళ, 50 హెర్ట్జ్ ఇంటి కరెంటును మాత్రం దాదాపు ఆపేస్తుంది. కానీ పూర్తిగా ఆపలేదు. ఆ దాదాపులో మిగిలిందే మన చేతికి తగిలేది. చెరువు కట్టకు అలుగు ఉన్నట్టు ఇది లెక్కగట్టి వదిలిన దారి, నీళ్ళు పోతున్నాయి కదా అని దాన్ని గండి అనుకోకూడదు.

లెక్క కష్టమేమీ కాదు. 2.2 నానోఫారడ్ల కెపాసిటర్ 50 హెర్ట్జ్ కరెంటుకు చూపే అడ్డు సుమారు 14 లక్షల 50 వేల ఓములు. మొత్తం 230 వోల్టులూ దాని మీద పడినా 0.16 మిల్లీఆంపియర్లకు మించి పారదు. నిజానికి అడాప్టర్ సర్క్యూట్ అమరిక వల్ల ల్యాప్‌టాప్ ఒంటికి వచ్చేది ఇంటి వోల్టేజీలో సుమారు సగమే, కాబట్టి కరెంటు 0.08 దగ్గర ఉంటుంది. ఎర్త్ అవసరం లేని రెండు పిన్నుల పరికరాలకు అంతర్జాతీయ ప్రమాణాలు చాలాకాలంగా పెట్టుకున్న హద్దు 0.25 మిల్లీఆంపియర్లు. పెట్టె మీద ఒక చతురస్రంలో మరో చతురస్రం గీసి ఉంటే అది ఈ తరగతి పరికరమని గుర్తు.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. తడి చేతులతో కరెంటు ముట్టుకోకూడదని చిన్నప్పటి నుంచీ వింటాం. తడిసిన చర్మం అడ్డు లక్ష ఓముల నుంచి వెయ్యికి పడిపోవచ్చు కాబట్టి ఆ మాట నూటికి నూరుపాళ్ళూ సరైనది. కానీ ఈ దారిలో ముందే 14 లక్షల ఓములు కూర్చుని ఉన్నాయి. వాటి తరవాత మనిషి లక్ష ఓములైతేనేం, వెయ్యి అయితేనేం, పారే కరెంటులో పెద్ద తేడా రాదు. ఎంత పారాలో నిర్ణయించేది ఆ బిళ్ళ, మన చెమట కాదు. అందుకే ఆ బిళ్ళ నాణ్యత మీద అంత పట్టు. దాన్ని 5,000 వోల్టుల, మేలు రకమైతే 8,000 వోల్టుల కుదుపులిచ్చి పరీక్షిస్తారు. చెడిపోవాల్సి వస్తే తీగ తెగినట్టు చెడాలే తప్ప రెండు వైపులూ కలిసిపోయేట్టు చెడకూడదన్నది దాని తయారీలో మొదటి నియమం.

అయితే లెక్క ఇక్కడ ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. మనిషి ఒంట్లో కరెంటు పారితే ఏమవుతుందన్నది బాగా పరిశోధించిన విషయం. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ 134 మంది పురుషుల మీదా 28 మంది స్త్రీల మీదా ప్రయోగాలు చేసి, చేతిలోని తీగను తమంతట తాము వదిలేయగలిగే హద్దు ఎంతో కొలిచాడు. సగటున పురుషులకు 16, స్త్రీలకు 10.5 మిల్లీఆంపియర్లు. అది దాటితే పిడికిలి బిగుసుకుపోతుంది. 30 దాటి కొంతసేపు పారితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. ఇక కరెంటు పారుతోందని తెలియడానికి కావలసింది, ప్రమాణాల ప్రకారం, సుమారు అర మిల్లీఆంపియర్. మరి ల్యాప్‌టాప్ ఇచ్చేది అందులో ఆరో వంతు. తెలియకూడనిది మనకెలా తెలుస్తోంది?

జవాబు కోసం ఒక స్నానాల తొట్టి దగ్గరికి వెళ్ళాలి. 1874లో అమెరికాలో ఎలీషా గ్రే అనే ఆవిష్కర్త ఇంట్లో, ఆయన మేనల్లుడు ఒక ఇండక్షన్ కాయిల్‌తో ఆడుకుంటున్నాడు. కాయిల్ ఒక కొసను జింకు రేకు పరిచిన పొడి తొట్టికి తగిలించి, రెండో కొసను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తొట్టిని ముడుతూ పిల్లల్ని నవ్విస్తున్నాడు. అతని చెయ్యి రేకు మీద జారుతున్నప్పుడల్లా దాని కింద నుంచి సన్నటి మోత రావడం గ్రే విన్నాడు. ఆ మోత స్థాయి సరిగ్గా కాయిల్ కొట్టుకుంటున్న స్థాయిలోనే ఉంది. చెయ్యి నొక్కి గట్టిగా రాస్తే మోత పెరిగింది. రెండేళ్ళ తరవాత, బెల్ తన టెలిఫోన్ పేటెంటు దరఖాస్తు పెట్టిన రోజే, పోటీ పత్రం దాఖలు చేసిన గ్రే ఈయనే. తీగ మీద స్వరాలు పంపే ఆయన ప్రయత్నాలకు ఆ తొట్టి మోత ఒక మొదలు.

గ్రే చెవులతో విన్నదాన్ని ఎనభై ఏళ్ళ తరవాత ఎడ్వర్డ్ మాలిన్‌క్రాట్ వేలితో కనిపెట్టాడు. ఇత్తడి బల్బు హోల్డర్‌ను ముట్టుకున్నప్పుడు, దీపం ఆరి ఉంటే ఒకలాగా, వెలుగుతుంటే ఇంకోలాగా తగులుతోందని ఆయన గమనించాడు. వెలుగుతున్నప్పుడు ఇత్తడి నున్నదనం తగ్గింది. హ్యూస్, స్లీటర్ అనే మరో ఇద్దరితో కలిసి ఆయన దీన్ని పరిశోధించి, 1953లో ‘సైన్స్’ పత్రికలో రెండు పేజీల వ్యాసం రాశాడు. ల్యాప్‌టాప్ అనే ఊహ కూడా లేని రోజుల్లో వచ్చిన ఆ వ్యాసం ఈనాటి మన ల్యాప్‌టాప్ మూతకు అక్షరాలా సరిపోతుంది.

జరిగేది ఇదీ. మన చర్మం పైపొర పొడిగా, దాదాపు కరెంటు పారని పదార్థంగా ఉంటుంది. దాని కింది కండ, రక్తం ఉప్పునీళ్ళతో నిండి కరెంటును బాగా పోనిస్తాయి. ల్యాప్‌టాప్ లోహం ఒక పలక, వేలి లోపలి కండ ఇంకో పలక, మధ్యలో ఎండు చర్మం. అక్కడే ఒక కెపాసిటర్ తయారైంది. పలకల మధ్య వోల్టేజీ ఉంటే అవి ఒకదాన్నొకటి ఆకర్షిస్తాయి. వోల్టేజీ ధనమైనా ఋణమైనా ఆకర్షణే కాబట్టి 50 హెర్ట్జ్ కరెంటుకు సెకనుకు 100 సార్లు ఆ లాగుడు పెరిగి తగ్గుతుంది. వేలు కదలకుండా ఉంటే ఆ చిన్న లాగుడు మనకు తెలియదు. వేలు జారుతున్నప్పుడు మాత్రం, లాగుడుతో పాటు రాపిడి కూడా సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గి, చర్మం నిజంగానే వణుకుతుంది. నరాన్ని కరెంటు తాకడం వల్ల పుట్టిన అనుభవం కాదిది. కదిలే దేన్ని ముట్టుకున్నా తెలిసే మామూలు స్పర్శే. అందుకే అర మిల్లీఆంపియర్ లెక్క దీనికి వర్తించదు. మిల్లీఆంపియర్‌లో కొన్ని వేల వంతులు చాలు.

చిన్నచిన్న వివరాలన్నీ దీనితో చక్కగా కుదురుతాయి. వేలి కొనల మీద చర్మం దళసరి, వేళ్ళ వెనక, ముంజేతి మీద పలుచన. పలకల మధ్య దూరం తగ్గేకొద్దీ ఆకర్షణ పెరుగుతుంది కాబట్టి వెనకభాగానికి బాగా తెలుస్తుంది. ల్యాప్‌టాప్ అల్యూమినియానికి రంగు నిలవడానికి, గీతలు పడకుండా ఉండటానికి పైన ఆక్సైడు పొర ఎక్కిస్తారు. అది కూడా కరెంటును పోనివ్వదు. అంటే కెపాసిటర్‌కు కావలసిన అడ్డుపొర కంపెనీయే ఇచ్చింది. ఆ పొర అరిగిన అంచులు, మరల తలలు, ఛార్జింగ్ తీగ దూర్చే చోటు, ఇక్కడ మాత్రం పచ్చి లోహం తగులుతుంది. మణికట్టు చురుక్కుమనేది అక్కడే. అది స్పర్శ కాదు, నిజమైన కరెంటే. అర మిల్లీఆంపియర్ అనేది చేత్తో ఇనుప కడ్డీ పట్టుకుంటే వచ్చే అంకె. అంతకన్నా చాలా తక్కువ కరెంటైనా సూదిమొనంత జాగాలో దూరితే నరానికి తెలుస్తుంది. మెత్తగా, వెడల్పుగా అరచెయ్యి మొత్తం ఆన్చితే ఆ చురుకు మాయమవుతుంది.

చార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ పట్టుకున్న పిల్లవాడి చేతిని అమ్మ నిమిరితే, ఆ చర్మం వణుకుతున్నట్టు ఆమెకు తెలుస్తుంది, పిల్లవాడికి అంతగా తెలియకపోవచ్చు. కంగారు పడాల్సిన పనిలేదు. పిల్లవాడి ఒళ్ళే ఒక పలకగా మారింది, అంతే. టచ్‌స్క్రీన్ మీద బట్ట, ఇసుక, గాజు లాంటి గరుకుదనాలు తెలిసేలా చెయ్యాలని 2010లో డిస్నీ పరిశోధకులు ‘టెస్లాటచ్’ అనే తెర తయారుచేసింది ఈ సూత్రంతోనే.

అమెరికా నుంచి సెలవులకు వచ్చినవాళ్ళు అక్కడ ఎన్నడూ ఏమీ అనని ల్యాప్‌టాప్ ఇక్కడ షాక్ కొడుతోందని ఆశ్చర్యపోతుంటారు. డాలస్‌లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. విజయవాడలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజీని ఆవృత్తాల సంఖ్యతో గుణిస్తే కారే కరెంటు తేడా వస్తుంది. ఇక్కడ 1.6 రెట్లు ఎక్కువ. ఆకర్షణ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వణుకు మూడున్నర రెట్లకు పైనే. దానికితోడు, ఇక్కడ మనం చెప్పులు బయట విడిచి బండల మీద, గచ్చు మీద తిరుగుతాం.

ఇంట్లో ఎవరో ఒకరు ఈపాటికి టెస్టర్ తెచ్చి పెట్టి ఉంటారు. స్క్రూడ్రైవర్ పిడిలోని చిన్న నియాన్ దీపం వెలుగుతుంది. "చూశావా, బాడీకి ఫుల్ కరెంటు వస్తోంది" అంటారు. మల్టీమీటర్ పెడితే 100 వోల్టుల పైన చూపిస్తుంది. రెండు పరికరాలూ అబద్ధం చెప్పడం లేదు. కానీ నియాన్ దీపం వెలగడానికి ఏ 60, 90 వోల్టులో, ఆంపియర్‌లో లక్షల వంతుల కరెంటో చాలు. మల్టీమీటర్ అయితే ఇంచుమించు కరెంటే తీసుకోదు. ఆ 100 వోల్టుల వెనక బలం లేదు. మనిషి చెయ్యి ఆనగానే అది కొద్ది వోల్టులకు కూలిపోతుంది. ఇక్కడ నేను గట్టిగా చెప్పదలిచింది ఒకటుంది. టెస్టర్ వెలగలేదంటే నిశ్చింతగా ఉండకూడదు, వెలిగిందంటే ఎంత ప్రమాదమో అది చెప్పలేదు. కెపాసిటర్ దారిలో వచ్చిన 0.08 మిల్లీఆంపియర్లకూ, తెగిన తీగ ఆనడం వల్ల వచ్చిన నిండు కరెంటుకూ అది దాదాపు ఒకేలా వెలుగుతుంది. ఫ్రిజ్ తలుపు మీద టెస్టర్ వెలిగితే, ల్యాప్‌టాప్ సంగతి చదివిన ధైర్యంతో వదిలెయ్యకూడదు.

ఇక మూడో రంధ్రం దగ్గరికి వద్దాం. మన త్రీపిన్ సాకెట్‌లో పైన పెద్దగా ఉండేది ఎర్త్. ప్లగ్గులో ఆ పిన్ను మిగతా రెంటికన్నా పొడవు, లావు. పొడవు ఎందుకంటే ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్త్ అన్నిటికన్నా ముందు కలవాలి, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర విడిపోవాలి. ఆ రంధ్రం వెనక నుంచి ఆకుపచ్చ తీగ బయలుదేరి, మీటరు బోర్డు మీదుగా, ఇంటి పక్కన రెండున్నర మీటర్ల లోతున పాతిన పైపుదాకా వెళ్ళాలి. ఉప్పు, బొగ్గు వేసి, నీళ్ళు పోసి ఆ గుంతను చెమ్మగా ఉంచాలి. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను కూడా ఇలాగే భూమిలో కలుపుతారు. ల్యాప్‌టాప్ నుంచి మన కాళ్ళ గుండా నేలలోకి దిగిన కరెంటు చివరికి చేరేది అక్కడికే. ఎర్త్ తీగ ఉంటే ఆ కరెంటు మనల్ని వదిలి తీగ దారి పడుతుంది. తీగ అడ్డు ఒకటి రెండు ఓములు, మనది వేలు.

చాలా ల్యాప్‌టాప్ అడాప్టర్లకు మూడు పిన్నుల తీగే వస్తుంది. మాక్‌బుక్ చార్జర్‌కు గోడకు నేరుగా తగిలించే రెండు పిన్నుల ముక్కను తీసేసి, మూడు పిన్నుల పొడుగు తీగ పెడితే, చార్జర్ పక్కనున్న చిన్న లోహపు గుండీ ద్వారా ఎర్త్ కలుస్తుంది. మూడు పిన్నుల అడాప్టర్‌ను టూపిన్ కన్వర్టర్‌లో గుచ్చితే ఎర్త్ అక్కడే తెగుతుంది. చవక ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో మూడు రంధ్రాలుంటాయి, లోపల రెండు తీగలే ఉంటాయి. ఇవేవీ కాక, నేరుగా గోడ సాకెట్‌లో మూడు పిన్నులూ పెట్టినా, ఎర్త్ కలిసే అడాప్టర్ ఉన్న ల్యాప్‌టాప్ ఇంకా చిమచిమలాడుతూనే ఉంటే, తీగ బాగున్నంతవరకు అర్థం ఒక్కటే. ఆ రంధ్రం వెనక ఏమీ లేదు.

అదే రంధ్రాన్ని నమ్ముకుని వంటింట్లో గ్రైండర్, స్నానాల గదిలో గీజర్, పక్కన వాషింగ్ మెషీన్, వేసవిలో ఇనుప రేకు కూలర్ నడుస్తున్నాయి. వీటిలో 14 లక్షల ఓముల కాపలా లేదు. కూలర్ మోటారు చుట్ట మీది పూత చెమ్మకు పాడై, ఫేజ్ తీగ రేకుకు తగిలితే, రేకు మొత్తం వీధి ట్రాన్స్‌ఫార్మర్ బలంతో నిలబడ్డ 230 వోల్టులే. తడి నేల మీద నిలబడి నీళ్ళు పోస్తున్న మనిషి అడ్డు వెయ్యి రెండు వేల ఓములు. అంటే 115 నుంచి 230 మిల్లీఆంపియర్ల దాకా. డాల్జీల్ కొలిచిన వదిలేసే హద్దుకు ఇది పది రెట్లు. ప్రతి ఎండాకాలం తెలుగు జిల్లాల పేజీల్లో కూలర్ షాక్ వార్తలు వస్తూనే ఉంటాయి. ఆ ఇళ్ళలో ఎక్కడైనా ల్యాప్‌టాప్ ఉండి ఉంటే, అది ముందే చెప్పి ఉండేది.

ఎర్తింగ్ లేదని ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే కొందరు అయిదు నిమిషాల్లో సరిచేసి వెళ్తారు. సాకెట్ విప్పి, న్యూట్రల్ నుంచి చిన్న తీగ ముక్కను ఎర్త్ స్క్రూకు కలుపుతారు. ల్యాప్‌టాప్ చిమచిమ నిజంగానే ఆగిపోతుంది. ఇంతకన్నా ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు. స్తంభం మీద న్యూట్రల్ జాయింటు తుప్పు పట్టి ఊడిందనుకోండి. ఫేజ్ కరెంటు ఇంట్లో వేసి ఉన్న బల్బు గుండానో, ఫ్యాన్ గుండానో న్యూట్రల్ తీగలోకి వచ్చి, వెళ్ళే దారి లేక, ఆ చిన్న ముక్క మీదుగా ఇంట్లోని ప్రతి లోహపు వస్తువు ఒంటికీ ఎక్కుతుంది. ఏ వస్తువూ చెడిపోలేదు, అయినా అన్నీ షాక్ కొడతాయి. ఈ పని చేసేవాళ్ళను ఆపి, విప్పించి, తీగ ముక్క తీయించడానికి మొహమాటపడకూడదు.

అసలు ఎర్త్ ఉన్నదీ లేనిదీ చూడటానికి ఎలక్ట్రీషియన్ల దగ్గర పాత పద్ధతి ఉంది. హోల్డర్‌కు తగిలించిన 100 వాట్ల బల్బును ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య పెడతారు. నిండుగా వెలిగితే ఎర్త్ కరెంటు మోయగలదన్నమాట, మినుకుమినుకుమంటే గుంత ఎండిపోయిందన్నమాట. తెలిసినవాళ్ళు చేయాల్సిన పరీక్ష ఇది, మనం చేయకూడదు. పైగా న్యూట్రల్ ముక్కతో చేసిన దొంగ ఎర్త్ కూడా ఇందులో దర్జాగా నెగ్గుతుంది. అందుకని మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా కొలవమనాలి. నిజమైన ఎర్త్ అయితే సాధారణంగా ఒకటి రెండు వోల్టులు కనిపిస్తాయి, గీజర్ వేయగానే కాస్త పెరుగుతాయి. ఎంత బరువు వేసినా కదలని సున్నా కనిపిస్తే సాకెట్ విప్పి చూడాల్సిందే.

ఎర్త్ ఉన్నా సరిపోని సందర్భం ఒకటుంది. గుంత ఎండి, దాని అడ్డు 30 ఓములకు చేరిందనుకోండి. కూలర్ రేకుకు ఫేజ్ తగిలితే ఎర్త్‌లోకి పారేది ఏడున్నర ఆంపియర్లు. బోర్డులోని పదహారు ఆంపియర్ల ఎంసీబీ స్విచ్చుకు అది మామూలు బరువు, పడదు. రేకు మీద దాదాపు మొత్తం వోల్టేజీ అలాగే నిలిచి ఉంటుంది. ఆర్‌సీసీబీ అనే మరో స్విచ్చు అవసరం ఇక్కడ. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమేనా అని మాత్రమే అది చూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా రాగానే సెకనులో చిన్న భాగంలో లైను తెంపేస్తుంది. ల్యాప్‌టాప్ కారుడు దాన్ని కదపలేదు. కంప్యూటర్ ల్యాబుల్లో మాత్రం ఒక్కో డెస్క్‌టాప్‌కు 3.5 మిల్లీఆంపియర్ల దాకా ఎర్త్‌లోకి వదిలే అనుమతి ఉంది కాబట్టి, పదింటిని ఒకే ఆర్‌సీసీబీ కింద పెడితే ఏ లోపమూ లేకుండానే పడిపోవచ్చు. అలాంటి ల్యాబులో ఎర్త్ లేకపోతే క్యాబినెట్ ముట్టుకున్న విద్యార్థికి తగిలేది ల్యాప్‌టాప్ కన్నా చాలా ఎక్కువ.

ఇంతసేపూ చెప్పిన ధైర్యమంతా అసలు అడాప్టర్‌కే. నకిలీ దానిలో ఆ నీలం బిళ్ళ స్థానంలో మామూలు కెపాసిటర్ ఉండవచ్చు, చుట్టల మధ్య టేపు లేకపోవచ్చు, మిల్లీమీటర్ల పొలిమేర వెంట్రుకవాసికి కుదించుకుపోయి ఉండవచ్చు. 2016లో యూఎల్ అనే పరీక్షా సంస్థ ఆపిల్ పేరుతో అమ్మిన 400 నకిలీ చార్జర్లను పరీక్షిస్తే నెగ్గినవి మూడే. మన దేశంలో అమ్మే అడాప్టర్ మీద ఐఎస్‌తో మొదలయ్యే ప్రమాణం సంఖ్య, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. చార్జర్ మార్చిన రోజు నుంచే షాక్ మొదలైనా, చిమచిమ కాస్తా కుదుపుగా మారినా, తీగ నలిగినా దాన్ని వెంటనే పక్కన పెట్టెయ్యాలి. ఆసుపత్రిలో గుండెకు నేరుగా తీగలు వేసిన రోగి పక్కన అసలైన అడాప్టర్ కూడా ఉండకూడదు. గుండెకు తగిలే వైద్య పరికరాలకు మామూలు వేళల్లో అనుమతించే కారుడు మిల్లీఆంపియర్‌లో నూరో వంతే.

కూలర్ అటక మీద నుంచి దించే ముందు చేయించాల్సిన పనులు రెండు. ఎర్త్ గుంతలో నీళ్ళు పోసి బల్బు పరీక్ష చేయించడం ఒకటి. బోర్డులో ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద ‘టి’ అని రాసి ఉన్న చిన్న మీటను నొక్కి చూడటం రెండోది. ఆ మీటను కొన్ని నెలలకోసారి మనమే నొక్కవచ్చు. వెంటనే ఇల్లంతా కరెంటు పోవాలి. పోకపోతే ఆర్‌సీసీబీని మార్చాలి. పోయినంత మాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు, ఆ మీట చేసే పరీక్షలో ఎర్త్ తీగకు పాత్ర లేదు. రెండూ విడివిడిగా చూసుకోవాల్సినవే.